మూడో రాడ్

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. ఆ కారు ఇంజన్లో మూడో రాడ్ బోల్టులు నేను బిగించానా?

ఒకటోది బిగించడం గుర్తుంది. రెండోదీ గుర్తుంది. నాలుగోది బిగిస్తుంటే మోచెయ్యి కొట్టుకుని అమ్మనా బూతులు తిట్టుకోవడం కూడా గుర్తుంది. మూడోది మాత్రం ఎంత తవ్వుకున్నా రాదు.

"ఏమైంది, ఉప్పు తక్కువైందా?" అంది మా ఆవిడ.

"ఉప్పు కాదు, నాకే బుర్ర తక్కువైంది," అని చెయ్యి కడిగేసుకున్నాను.

ఆ కారు బడిపిల్లల్ని దింపే డ్రైవరమ్మది. రోజూ పొద్దున్నే ఏడుగురు పిల్లల్ని ఇరికించుకుని పెద్ద వంతెన మీదుగా బడికి తీసుకెళ్తుంది. పది రోజులు మా షెడ్డులో పెట్టుకుని ఇంజన్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. నిన్న సాయంత్రమే తీసుకెళ్ళింది. పిస్టన్‌ని కింద తిరిగే ఇరుసుతో కలిపి పట్టుకునేది రాడ్. ఆ పట్టు వదులుగా ఉన్నా బండి కొంతకాలం బాగానే తిరుగుతుంది. తర్వాత ఒకరోజు, మంచి స్పీడు మీద ఉండగా, ఆ రాడ్ ఊడి ఇంజన్ని చీల్చుకుని బయటికొస్తుంది. నడి వంతెన మీద బండి ఆగిపోతుంది. వెనక లారీలు. లోపల ఏడుగురు పిల్లలు.

నాకూ మా బావమరిదికీ ఒక పద్ధతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం కలిసే ఇంజన్లు కడుతున్నాం. నేను బోల్టు బిగించి నంబరు గట్టిగా చెప్తాను. వాడు తన చేత్తో మళ్ళీ పట్టి చూసి "సరే" అంటాడు. ఆ మాట వినపడందే నేను తర్వాతి దాని మీద చెయ్యి వెయ్యను. కానీ ఈ ఇంజన్ కట్టే రోజుల్లో మా ఇద్దరికీ మాటల్లేవు.

దానికో పెద్ద కారణం ఉందా అంటే, లేదు. "బావా, నీ చేతులు వణుకుతున్నాయి, నువ్వు స్టూలు మీద కూర్చుని చెప్పు, నేను చేస్తా" అన్నాడు, అదీ కస్టమరు ముందు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఇంజన్‌కి అటొకడు ఇటొకడు నిలబడి, మూతులు ముడుచుకుని పని చేశాం. మాటలు లేవు కాబట్టి నంబర్లూ లేవు. మధ్యలో ఫోనొస్తే నేను బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి రెంచ్ వాడి చేతిలో ఉంది. మూడోది వాడే బిగించేశాడనుకున్నాను. అడగాలంటే నేనే ముందు నోరు విప్పాలి. విప్పితే ఓడిపోయినట్టు. ఛీ, యాభై తొమ్మిదేళ్ళు వచ్చినవాడికి ఉండాల్సిన బుద్ధేనా ఇది!

ఫోన్ చేశాను.

"ఒరేయ్, మూడో రాడ్ నువ్వు బిగించావా?"

"నువ్వు బిగించావు కదా బావా?" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు, భయమే ఉంది. వెటకారం ఉన్నా బాగుండేది.

డ్రైవరమ్మకి ఫోన్ చేసే ముందు నేను పావుగంట మెట్ల మీద కూర్చున్నాను. ఏమో, బిగించే ఉంటానేమో. లేనిపోనిది మనమే చెప్పుకుని పరువు తీసుకోవడం దేనికి? ఇలా ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నా లాభం లేకపోయింది. అలసిపోయాను. ఒంటితో కాదు, నాతో నేనే అలసిపోయాను. ఫోన్ తీసి, "అమ్మా, బండి ఒకసారి తీసుకురావాలి. మెల్లగా తీసుకురా. వద్దులే, అక్కడే ఉంచు, మేమే లాక్కొస్తాం," అన్నాను.

షెడ్డులో బండిని పైకెత్తి, నిన్న పోసిన కొత్త ఆయిల్ అంతా దింపేసి, అడుగున ఉన్న రేకు విప్పాం. డ్రైవరమ్మ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడింది. ఒకటోది గట్టిగానే ఉంది. రెండోదీ అంతే. మూడోదాని మీద రెంచ్ పెట్టి నేనింకా బలం పెట్టనైనా లేదు, బోల్టు గిర్రున తిరిగింది. లోపలి బేరింగ్‌కి అప్పుడే గీతలు పడ్డాయి.

"నీదే అనుకున్నా," అన్నాడు బావమరిది.

"నీదే అనుకున్నా," అన్నాను నేను.

డ్రైవరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

"తిట్టమ్మా," అన్నాను ఉండబట్టలేక.

"తిట్టే ఓపిక నాకెక్కడిది బాబాయ్? రేపు పొద్దున పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు?"

సామాన్ల కొట్టు ఆదివారం తెరవరు. కొత్త బేరింగ్ రావాలంటే సోమవారం పది దాటాలి. ఆ మాట బావమరిదే చెప్పాడు. చెప్పి, "బావ దింపుతాడు, మా షెడ్డు వ్యానులో," అన్నాడు. నన్ను అడగనైనా లేదు. అడిగినా నేను కాదనేవాణ్ణి కాను.

మర్నాడు ఏడు గంటలకల్లా ఇంటింటికీ తిరిగి ఏడుగురినీ ఎక్కించుకున్నాను. రాత్రి కన్ను మూస్తే ఒట్టు. ముందు సీట్లో రెండు జడల పిల్ల ఒకతి, ఏడేళ్ళుంటాయేమో, ఎక్కగానే మొదలెట్టింది.

"ఆంటీ ఏది తాతా?"

"ఆంటీ కారు రిపేరులో ఉందమ్మా."

"మొన్నటిదాకా రిపేరులోనే ఉందిగా! బాగు చేసింది ఎవరు?"

ఎవరో ఒకరి పేరు చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. ఈ పిల్లకి తెలిసేదేముంది? వంతెన ఎదురుగా కనిపిస్తోంది, లారీలు బారులు తీరి ఉన్నాయి.

"నేనే," అన్నాను.

ఆ పిల్ల స్టీరింగ్ మీది నా చేతుల్ని కాసేపు చూసింది. తర్వాత తన సీటు బెల్టుని రెండు చేతులతో లాగి చూసుకుని, వెనక్కి తిరిగి, "మీరు కూడా గట్టిగా పట్టుకోండి," అని మిగతా ఆరుగురికీ చెప్పింది.