పండుగప్ప తూకం

గర్భవతి భర్త చేయకూడని పనులు మా ఇళ్లలో చాలా ఉన్నాయి. క్షౌరం చేయించుకోకూడదు, శవం మోయకూడదు, ఇంటికి పునాది తీయకూడదు, సముద్రంలో మునగకూడదు. మా నాయన యతిరాజులుగారు గుళ్లో ఆళ్వార్ల ప్రబంధం చదివే మనిషి. ఈ జాబితా మొత్తం నాకు పెళ్లయిన ఏడాదే ఒకసారి అప్పజెప్పారు. గాలం వేయకూడదని మాత్రం అందులో లేదు. వైష్ణవుల ఇంట్లో పుట్టినవాడు చేపలు పడతాడని ఊహించే తీరిక పెద్దవాళ్లకు ఉండి ఉండదు.

నేను పట్టేవాణ్ణి. తినేవాణ్ణి కాదు, నా జన్మలో చేప నోట పెట్టలేదు. తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. మా జీపు డ్రైవరు శాంతయ్య ఒకసారి క్యాంపులో, ఆఫీసరు భోంచేసి నిద్రపోతుంటే, ఊరికే కాలక్షేపానికి తన వెదురుకర్ర నా చేతికిచ్చాడు. బెండు మునిగింది. దారం అవతలి కొసన ఏదో ప్రాణి నన్ను లాగింది. ఆ లాగుడు నా మోచేతి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

తర్వాత మద్రాసు మూర్ మార్కెట్లో దారం చుట్టే చుట్టయంత్రంతో సహా మంచి కర్ర ఒకటి కొన్నాను. అది శాంతయ్య ఇంట్లో తలుపు వెనక ఉండేది. పట్టిన చేపలు కూడా ఆ ఇంటికే పోయేవి. వానపామునో కప్పనో గుచ్చడానికి నాకు చేతులు రావు కాబట్టి ఎరకు బదులు, గాలం బిగించిన తళతళలాడే రేకు చెంచా ఒకటి కట్టి నీళ్లలో తిప్పేవాణ్ణి. నేను చంపడం లేదు, చెంచా తిప్పుతున్నానంతే అని నాకు నేనే నచ్చజెప్పుకునేవాణ్ణి. గుమాస్తా బుద్ధికి ఎక్కడైనా ఒక సందు దొరుకుతుంది.

డెబ్భై ఎనిమిదిలో నా భార్య కల్యాణవల్లికి మూడో నెల. ఎప్పటిలాగే గూడూరులో ఆఫీసు పని ఉందని చెప్పి ఒక శనివారం సాయంత్రం బయలుదేరాను. కల్యాణి దారికి పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. రాత్రికి శాంతయ్య బంధువుల ఇంట్లో పడుకుని, తెల్లవారేసరికి ఇద్దరం దుగరాజపట్నం సముద్రపు ఒడ్డున ఉన్నాం. అలలు చెంచాను వెనక్కి తోసేస్తున్నాయి. ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం ముందుకు అనుకుంటూ నడుము లోతుకు దిగాను. ఒక పెద్ద అల నా తల మీదుగా పోయింది. సరిగ్గా అప్పుడే పండుగప్ప చేప గాలాన్ని పట్టింది. ముప్పావు గంట పోరాడాను. ఆరున్నర కిలోలు తూగింది. అప్పుడు టైము ఎనిమిది.

సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ వాకిట్లోనే ఆపి చెప్పింది. కడుపు పోయిందట. ఎప్పుడు అని అడిగాను. పొద్దున, ఎనిమిదింటప్పుడు నాకు తెలిసింది అంది.

ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. మూడేళ్లు లోపలే పెట్టుకున్నాను. కర్ర శాంతయ్య ఇంటి తలుపు వెనకే ఉండిపోయింది. మూడేళ్లూ మాకు బిడ్డ లేదు. అమ్మ మొక్కని దేవుడు లేడు. కల్యాణి ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసేది.

ఎనభై ఒకటిలో మళ్లీ నిలిచింది. అక్టోబరు వచ్చేసరికి తొమ్మిదో నెల. నగరిలో పుట్టింటికి పోయింది. ఇంకా పదిహేను రోజులు ఉన్నాయనగా అమ్మ ఒక ఆదివారం ప్రసాదం పొట్లం నా చేతికిచ్చి, కోడలికి పెట్టి రమ్మంది. బస్టాండులో శాంతయ్య కనబడ్డాడు. పిచ్చాటూరులో చెల్లెలింటికి పోతున్నాడు. నా కర్ర వాడి భుజం మీద ఉంది.

"ఆరణియార్ డ్యాము నిండినాది సామీ," అన్నాడు. "గట్టు మీద కూసోండి చాలు. గాలం నేనేస్తా."

"వద్దు శాంతయ్యా. కల్యాణికి నెలలు నిండినాయి."

"సముద్రంలో గదా మీకు అడ్డం. ఇది మంచినీళ్లు."

పుత్తూరులో దిగి నగరి బస్సు ఎక్కవలసినవాణ్ణి వాడితోనే పిచ్చాటూరుకు పోయాను. వాడు బలవంతం చేశాడని చెప్పుకోవచ్చు. చేయలేదు. మూడేళ్లుగా మోచేతిలో కూర్చున్నది లేచి నన్ను నడిపించింది.

గట్టు మీద కూర్చున్నాను. ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకున్నాను. శాంతయ్య రెండుసార్లు గాలం విసిరి కర్ర పక్కన పెట్టి, తుంగ పక్కన నీళ్లను చూపించాడు.

"అది సూడండి సామీ, ఎర్రంగా."

నీళ్ల మీద చాపంత మేర కుంకుమ చల్లినట్టు ఉంది. అది కదులుతోంది. గింజంత చేపపిల్లలు వందలకొద్దీ పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ మునుగుతున్నాయి.

"కొర్రమీను పిల్లలు. కింద తల్లి కావిలి ఉంటాది. ఇప్పుడు ఆ గుంపులో ఏది పడినా వచ్చి కొడతాది. ఆకలికి గాదు, కోపానికి."

పొట్లం ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. కర్ర నా చేతిలో ఉంది. చెంచా గాల్లో ఉంది. అది సరిగ్గా ఆ ఎర్రటి గుంపు నడుమ పడింది. రెండు చుట్లు తిప్పానో లేదో నీళ్లు పగిలాయి.

ఆ పది నిమిషాలు నేను సంతోషంగా ఉన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? కర్ర వంగింది, చుట్టయంత్రం కూసింది, నాకు ఇల్లూ భార్యా బిడ్డా ఏదీ గుర్తు లేదు. చేపను గట్టు మీదికి లాగాక, అది నల్లగా నిగనిగలాడుతూ నోరు తెరిచి మూస్తుంటే, అప్పుడు గుర్తొచ్చింది. చేతి గడియారం చూసుకున్నాను. పన్నెండు దాటి పది నిమిషాలు.

"నాలుగు కిలోలకు తక్కువుండదు," అన్నాడు శాంతయ్య.

"వదిలెయ్యి."

"గాలం మొప్పల్లో దిగినాది సామీ. వదిలినా బతికేది కష్టం."

"వదిలెయ్యమంటిని గదా," అని అరిచాను. వాడి మీద నేను అరవడం అదే మొదలు. వాడు పటకారుతో గాలం ముల్లు కత్తిరించి బయటికి తీశాడు. మొప్ప కింది నుంచి నెత్తురు కారింది. రెండు చేతులతో పట్టుకుని చేపను నీళ్లలో ఉంచాను. అది ఒరిగింది. నిలబెట్టాను. మళ్లీ ఒరిగింది. నాలుగోసారి తోక ఒకసారి ఊపి బురదలోకి జారిపోయింది.

పిల్లలు చెదిరిపోయాయి. అంత ఎరుపూ కనబడకుండా పోయింది. తుంగ దగ్గర ఒక కొంగ వచ్చి వాలింది. దాన్ని మట్టిగడ్డతో కొట్టి తరిమాను. అది పది గజాల అవతల వాలింది. మళ్లీ తరిమాను. పిల్లలు ఒకచోట చేరితే తల్లి బతికినట్టే అని నాకు నేనే పందెం వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. ఇక్కడ నాలుగు, అక్కడ అయిదు కనబడ్డాయి. గుంపు కట్టలేదు.

"కొర్రమీను మొండిది సామీ," అన్నాడు శాంతయ్య మెల్లగా. "నీళ్లు లేకపోయినా ఒక పూట బతుకుతాది. మీరు పోండి. బస్సు పోతాది."

ఇసకతో చేతులు తోముకున్నాను. చింతాకు నలిపి తోముకున్నాను. నీసు వాసన పోలేదు. బస్సులో పొట్లాన్ని చేత్తో ముట్టుకోలేక పైపంచెలో చుట్టి పట్టుకున్నాను. పన్నెండు దాటి పది నిమిషాలు. ఆ అంకె తలలో తిరుగుతూనే ఉంది. దారిలో కనబడ్డ ప్రతి గోపురానికీ దండం పెట్టబోయి, చేతులు ముక్కు దగ్గరికి రాగానే దించేసుకున్నాను.

నగరి చేరేసరికి నాలుగయింది. వీధిలో మగ్గాల చప్పుడు మామూలుగానే ఉంది. మామగారు శఠగోపంగారు తెలుగు పండితులు. అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. చేతిలో పుస్తకం లేదు.

"వచ్చినారా నాయనా," అన్నారు. "తంతి ఇద్దామని చూస్తా ఉండాను. నొప్పులు మొదలైనాయి. దినాలు ఇంకా ఉండాయి, ఎందుకో మరి."

"ఎప్పుడు మొదలైనాయి?"

"పన్నెండు దాటినాక."

అరుగు అంచు పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి నర్సు మునిరత్నమ్మ బయటికి వచ్చి చెయ్యి కడుక్కుంది. ఆమె నా వైపు చూడకుండా మామగారితోనే మాట్లాడింది.

"కాళ్లు ముందొస్తా ఉండాయి సామీ. గంట చూస్తా. కాకుంటే చిత్తూరు పెద్దాస్పత్రికే. కారు ఒకటి చెప్పి పెట్టుకోండి."

మామగారు కారు కోసం ఎదురింటివాళ్లను పంపించి వచ్చి మళ్లీ కూర్చున్నారు. ఏదో పాశురం మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టారు. జీవితమంతా నోటికి వచ్చిన పాశురం. లోపల కల్యాణి గొంతు ఒకసారి వినబడింది, తర్వాత చాలాసేపు వినబడలేదు. వినబడినప్పుడు భరించలేకపోయాను. వినబడనప్పుడు అంతకంటే భరించలేకపోయాను. చేప ఒరగడం, నేను నిలబెట్టడం, మళ్లీ ఒరగడం, అదే కళ్ల ముందు ఆడుతోంది.

"చేతులు ఎందుకట్లా వాసన చూసుకుంటా ఉండారు?" అన్నారు మామగారు.

"ఏం లేదు మామగారూ. బస్సులో ఏదో అంటింది."

కారు వచ్చి వీధిలో నిలబడింది. దీపాలు పెట్టే వేళయింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. మునిరత్నమ్మ బయటికి వస్తుంది, చిత్తూరు అంటుంది అని నేను లేచి నిలబడ్డాను. ఆమె రాలేదు. లోపల ఏదో గట్టిగా చరిచిన చప్పుడయింది. ఇంకోసారి అయింది. ఆ తర్వాత ఒక పిల్ల ఏడుపు, చీరుకున్నట్టు సన్నగా వచ్చింది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. బిడ్డ పుట్టిందని వినగానే తండ్రి కట్టుబట్టలతో స్నానం చేయాలి. బావి దగ్గర చేద మీద చేద పోసుకున్నాను. మామగారు చాలు నాయనా, జలుబు చేస్తుంది అనేదాకా పోసుకున్నాను. నీళ్లతో పాటు ఏడుపు కూడా పోతుంటే ఎవరికీ తెలియలేదు.

మూడో రోజు పురిటిగది గడప బయట పీట వేసుకుని కూర్చున్నాను. అత్తగారు బట్టలు ఉతకడానికి పెరట్లోకి పోయింది. కల్యాణి నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ముఖం పాలిపోయి ఉన్నా కళ్లు తేటగా ఉన్నాయి. పాప పాత పంచె ముక్కలో నిద్రపోతోంది. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు. ఆరణియార్ సంగతి, కొర్రమీను సంగతి మొత్తం చెప్పాను. నేను చేపలు పడతానన్న మాట ఆమెతో అనడం అదే మొదలు.

"నాకు తెలుసు," అంది. "పెండ్లయిన రెండో నెల్లోనే తెలుసు. మీ చొక్కా ఉతకతా ఉంటే జేబులో గాలం నా వేలిలో దిగినాది. గూడూరు ఆఫీసుకు గాలం ఎందుకో అనుకున్నాను." కొంచెం నవ్వింది కూడా.

"అది కాదు కల్యాణీ. ఆ పోయిన బిడ్డ. ఆ ఆదివారం నేను దుగరాజపట్నంలో సముద్రంలోకి దిగినాను. తల మునిగింది. ఎనిమిది గంటలప్పుడు. నావల్లే పోయింది."

ఆమె నవ్వు ఆగింది. పాప మీది గుడ్డ సర్దింది. చాలాసేపు సర్దింది.

"ఆదివారం కాదు," అంది. "శనివారం తెల్లవారేటప్పటికే పోయినాది. అత్తకు ఆదివారం పొద్దున చెప్పినాను, అంతే."

నాకు వెంటనే అర్థం కాలేదు. "శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను గదా," అన్నాను.

"ఉండినారు. వారం నుంచీ ఆ ప్రయాణమే తలుచుకుంటా, ఏదో పాట కూనిరాగం తీసుకుంటా తిరగతా ఉండినారు. చెప్పుంటే ఆగిపోదురు." గోడ వైపు చూస్తూ అంది. "ఆ మైలతోనే వంటింట్లోకి పోయినాను. పులిహోర కలిపినాను. పెరుమాళ్లకు ఆరగింపు పెట్టి మీకు పొట్లం కట్టినాను. ఆ పాపానికే మూడేండ్లు బిడ్డ రాలేదని నేను అనుకుంటా ఉండాను. మీరు మీ పాపమని అనుకుంటా ఉండినారా."

మూడేళ్లుగా మోసిన బరువు దిగిపోయిందని సంతోషపడాలి. దిగిపోయింది కూడా. సముద్రం నా బిడ్డను తీసుకుపోలేదు. నేను నీళ్లలోకి దిగేనాటికి ఆ బిడ్డ పోయి ఒక పగలూ ఒక రాత్రీ అయింది. ఆ పగలంతా ఆమె ఒక్కతే ఆ నొప్పి పట్టుకుని, పొయ్యి ముందు నిలబడి, నా కోసం చింతపండు పిసికింది. ఆ పులిహోర నేనూ శాంతయ్యా అలల పక్కన కూర్చుని వేళ్లు నాకుతూ తిన్నాం.

పాప కదిలింది. కల్యాణి దాన్ని దగ్గరికి తీసుకుంది. నేను గడప బయట పీట మీద కూర్చుని ఆ శనివారం సాయంత్రాన్ని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పండుగప్ప తూకం ఆరున్నర కిలోలు. దాని కన్ను ఎర్రగా మెరవడం, వీపు మీద ముళ్లు నిక్కబొడుచుకోవడం, శాంతయ్య దాన్ని ఏ చేత్తో ఎత్తి చూపించాడో అన్నీ గుర్తున్నాయి. వాకిట్లో పొట్లం చేతికిచ్చినప్పుడు కల్యాణి ముఖం ఎలా ఉందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.