సలోమి సిస్టరు దాటెయ్యని మాట

నేనొక పాదరసపు బీపీ మిషన్ని. ఇనుప పెట్టె, గాజు గొట్టం, చేతికి చుట్టే పట్టీ, నొక్కితే గాలి ఊదే రబ్బరు బల్బు, ఇంతే నా ఒళ్లు. ఎక్కడో ఉత్తరాదిన తయారై, గోదావరి జిల్లాలో హైవే పక్కనున్న ఓ ఆసుపత్రికి చేరాను. ఎన్నో చేతులు మారి చివరికి సలోమి సిస్టరు చేతిలో పడ్డాను.

మనుషులు చిత్రమైనవాళ్లు. అంకె బాగుంటే తమ గొప్పంటారు, పెరిగితే మిషను పాడైందంటారు. సలోమి ముందు మనిషి మొహం చూసేది, ఆ తర్వాతే నన్ను. మందు సీసా మీద పేరు రెండోసారి చదివేది. కదల్లేనివాళ్లకు వీపు పుండ్లు పడకుండా ఒత్తిగిలించేది. డ్యూటీ దిగేముందు ప్రతి మంచం సంగతీ వచ్చే సిస్టరుకు అప్పజెప్పేది.

ఆమె చూసే వార్డుకి సూర్రావు వచ్చాడు. బతుకంతా లారీ నడిపినవాడు. కాలేయం పూర్తిగా పాడైంది. ఇక నొప్పి తెలియకుండా చూడటమే మన పని అన్నారు డాక్టరుగారు. కొడుకు వీరబాబు సలోమి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మా నాన్నకి చెప్పకండి సిస్టరుగారూ. వింటే అప్పుడే గుండాగిపోద్దండి."

ఆమె కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది గానీ, మాట ఇవ్వలేదు.

ఒక ఉదయం నా పట్టీ చుడుతుంటే సూర్రావే అడిగాడు. "సిస్టరమ్మా, నేనింటికెళ్తానా? మావోడు రేపు, ఎల్లుండి అంటన్నాడు."

చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. "మీకేం తెలుసుకోవాలనుంది బాబాయ్‌గారూ?"

"నిజం."

"డాక్టరుగారినీ, మీ అబ్బాయినీ తీసుకొస్తానండి. ఈ మాట దాటెయ్యను."

వరండాలో సలోమి ఈ సంగతి చెప్పగానే వీరబాబు మండిపడ్డాడు. "చెప్పొద్దన్నానా? మీకేటండీ, డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోతారు!"

ఆ మాట ఆమెకు తగిలింది. నా పెట్టె మీద ఆమె వేళ్లు బిగిశాయి. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆయనే అడిగారండి. ఇప్పుడు అబద్ధమాడితే, రేపు ఈ సూదికి నొప్పి తగ్గుద్దని చెప్పినా నన్ను నమ్మరు. మీరు పక్కన కూర్చోండి. డాక్టరుగారు చెప్తారు. నేనక్కడే ఉంటాను."

డాక్టరుగారు మెల్లగా చెప్పారు. సూర్రావు కొడుకు వైపు తిరిగాడు.

"ఒరే, నువ్వు అబద్ధమాడటం, నేను నమ్మినట్టు నటించటం. ఇద్దరం అలిసిపోయాం రా."

వీరబాబు మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. సలోమి చుట్టూ తెర లాగి బయట నిలబడింది.

తర్వాత సూర్రావు మంచం కిటికీ పక్కకి మార్పించింది. రోడ్డు మీద లారీ వెళ్తే, మోతను బట్టి అది లోడుతో ఉందో ఖాళీదో తండ్రి చెప్పేవాడు. కొడుకు కిటికీలోంచి తొంగిచూసి ఒప్పుకునేవాడు. వీరబాబు తల్లి సంగతులు, చేసిన తప్పులు, తిరిగిన ఊళ్లు, అన్నీ మాట్లాడుకున్నారు. అలా మాట్లాడుతూనే ఓ మధ్యాహ్నం సూర్రావు కన్నుమూశాడు.

"ఇటు తిప్పుతున్నానండి బాబాయ్‌గారూ" అని బతికున్న మనిషికి చెప్పినట్టే చెబుతూ సలోమి ఆయన ఒళ్లు తుడిచి చొక్కా తొడిగింది. వీరబాబు వచ్చి గుండీలు తనే పెట్టాడు.

ఇప్పుడు నన్ను స్టోర్‌రూములో పెట్టారు. పాదరసం మంచిది కాదట, నిజమే కావచ్చు. కొత్త మిషన్లు అంకె వాటంతటవే చూపిస్తాయి. నేను కొలిచింది రక్తపు పోటే. ఆ రోజు వరండాలో సలోమి తట్టుకున్న పోటును కొలిచేది మాత్రం ఇంకా ఏ ఆసుపత్రికీ వచ్చినట్టు లేదు.