కొట్టేసిన లైను

కనకరత్నం కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి సాయిదుర్గ ఒక్కతే నిలబడి ఉంది. మిగతా పిల్లలు తలలొంచుకుని కూర్చున్నారు. టెన్త్ పబ్లిక్ పరీక్షలు ఇంకో తొమ్మిది రోజులే. రాజోల్లో ఇంగ్లీషు ట్యూషనంటే తన భర్త దానియేలు మాస్టారి దగ్గరే అని పేరు.

బోర్డు మీద 'దిస్ ఈజ్ ది హౌస్ వేర్ ఐ వజ్ బార్న్' అని ఉంది. ఇది నేను పుట్టిన ఇల్లు. 'వేర్' నుంచి చివరిదాకా గీత గీసి, కింద అడ్వర్బ్ క్లాజ్ అని రాసేడు దానియేలు.

"నోట్సులో అడ్జెక్టివ్ క్లాజ్ అని ఉందండి సార్," అంది సాయిదుర్గ. పిల్ల కూర్చోలేదు.

"వేర్ అంటే ప్లేసు. ప్లేసు చెప్పిందంటే అడ్వర్బే. నోట్సులో పొరపాటు పడింది. అందరూ ఆ లైను కొట్టేయండి. నువ్వు నిలబడే ఉండు, ఎదురు చెప్పడం తగ్గుద్ది."

పెన్నులన్నీ ఒక్కసారిగా కాయితాల మీద గీసుకుపోయేయి. ఆ చప్పుడు కనకరత్నానికి ఒంటిమీద గీరినట్టయింది.

ఆ నోట్సు రాసింది తను. మూడేళ్ళుగా తెల్లారగట్ల పొయ్యి మీద ఇడ్లీపాత్ర పెట్టి, వంటింటి గుమ్మంలో కూర్చుని, సింపుల్ సెంటెన్సంటే ఏంటి, కాంప్లెక్స్ సెంటెన్సులో ఏ ముక్క దేన్ని పట్టుకుని వేలాడుతుంది అని పిల్లలకి తెలిసిన మాటల్లో విడదీసి రాసింది. జిరాక్సు అట్ట మీద మాత్రం 'దానియేలు మాస్టారి గ్రామర్ నోట్సు'. ఆయన చదివింది బియస్సీ. తను ఇంగ్లీషులో ఎమ్మే. పెళ్ళయిన కొత్తలో తాటిపాక కాన్వెంటులో ఉద్యోగమొస్తే, "ఇద్దరూ బయటికెళ్ళిపోతే ఇల్లెవరు చూస్తారమ్మా?" అన్నారు అత్తగారు పాపాయమ్మ. "నీకు రాయడం వచ్చు, నాకు చెప్పడం వచ్చు. ఇద్దరం కలిస్తేనే కదా!" అన్నాడు దానియేలు. అప్పుడా మాట ఎంత ముద్దుగా వినిపించిందో! ఆ కలవడంలో తను ఎక్కడుందో ఇన్నాళ్ళూ వెతుక్కోలేదు.

గ్లాసు కింద పెట్టింది. "ఆ పిల్ల చెప్పిందే రైటండి," అంది. "ఏ ఇల్లు? నేను పుట్టిన ఇల్లు. ఇల్లు నౌను. నౌను గురించి చెప్పేది అడ్జెక్టివ్ క్లాజే కదండీ."

దానియేలు సుద్దముక్క బల్ల మీద పడేసేడు. "ఇవాల్టికి చాలు, వెళ్ళండి," అన్నాడు పిల్లలతో.

గేటు పడగానే ఆమె వైపు తిరిగేడు. "రేపు సాయంత్రం నువ్వే వచ్చి, పొరబడ్డాను, సార్ చెప్పిందే కరెక్టు అని అందరి ముందూ చెప్పాలి."

"పరీక్షలో పిల్లలు తప్పు రాస్తారండీ."

"ఒక్క మార్కు! నా పరువు కంటే ఎక్కువా?"

"ఒక్క మాటేగా రత్నం, అనేస్తే పోద్ది. మగాడి నోటి ముందు కూడు తీసెయ్యకూడదు," అన్నారు గుమ్మంలోంచి పాపాయమ్మ.

మర్నాడంతా అంట్లు తోముతున్నా, బట్టలారేస్తున్నా ఆ ఒక్క మాటా నోట్లో రాయిలా అడ్డం పడుతూనే ఉంది. అనేయొచ్చు. ఎన్ని అనలేదు? కూరలో ఉప్పు సరిపోయినా, 'ఆయ్, ఎక్కువైందండి' అని ఒప్పుకున్న రోజులు లేవూ? కానీ ఆ పిల్ల నిజం చెప్పి నిలబడింది. తనిప్పుడు అబద్ధం చెబితే ఆ పిల్ల మళ్ళీ జన్మలో చెయ్యెత్తదు.

సాయంత్రం పిల్లలందరూ వచ్చేరు. "మేడంగారు మీకో మాట చెబుతారు," అని దానియేలు పక్కకి జరిగేడు.

కనకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంది. బోర్డు ముందుకొచ్చి నిలబడింది.

"నిన్న కొట్టేసిన లైను మళ్ళీ రాసుకోండి. అది తప్పు కాదు. ఈ నోట్సంతా రాసింది నేను. అనుమానాలుంటే నన్నడగండి."

దానియేలు మొహం నల్లబడిపోయింది. చెప్పులేసుకుని మెట్లు దిగి, స్కూటరు తీసుకుని వెళ్ళిపోయేడు. రాత్రికి ఏమవుతుందో ఆమెకి తెలీదు.

సాయిదుర్గ నెమ్మదిగా చెయ్యెత్తింది. "మరి వేర్ ఎప్పుడు అడ్వర్బ్ అవుద్ది మేడం?"

'గో వేర్ యూ లైక్' అని బోర్డు మీద రాసింది కనకరత్నం. "ఇక్కడ నౌను లేదు. ఎక్కడికెళ్ళాలో చెబుతోంది. వెళ్ళడం వెర్బు, అందుకని..."

"రత్నం! బియ్యం కడగలేదేంటే?" లోపల్నుంచి పాపాయమ్మ కేక.

సుద్దముక్క ఆగలేదు. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మీరు కడిగేయండి అత్తయ్యగారూ. నాకు క్లాసుంది."