చుట్టాల పిల్ల

ముందే ఒప్పేసుకుంటాను. ద్వారకానాథ్ అంకుల్ చెయ్యి విరగ్గొట్టింది నేనే. కారు తలుపుతో. అడిలైడ్‌లో మన తెలుగువాళ్ళు పెద్దమనసు చేసుకుని "పాపం, గాలికి డోర్ పడిపోయింది" అని చెప్పుకుంటున్నారు. ఆ రోజు గాలి లేదు. రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నేనే వేశాను. బాధపడుతున్నావా అని మాత్రం అడగకండి. అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

ఇదంతా వంకాయలు వండుతుండగా మొదలైంది. అది తొంభై తొమ్మిది. అడిలైడ్ శివార్లలో మాసన్ లేక్స్ కాలనీని అప్పుడే కడుతున్నారు. కొన్ని ఇళ్ళు పూర్తయ్యాయి, మిగతావి ఇంకా చెక్క ఫ్రేములు. పక్కనే టెక్నాలజీ పార్క్. నేనూ మా ఆయన అచ్యుత్ అక్కడే పని చేసేవాళ్ళం. ఎప్పుడో ప్రోగ్రాములు రాస్తూ సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్న మహానుభావుల వైటూకే తప్పు దిద్దడం మా ఉద్యోగం. మమ్మల్నిద్దరినీ తీసుకొచ్చింది ద్వారకానాథ్ అంకుల్ కన్సల్టెన్సీ. వీసాకి స్పాన్సర్ ఆయన. ఆయన వద్దనుకుంటే మేం విమానం ఎక్కాలి. అందుకే ఆయన్ని ఎవరూ బాస్ అనేవారు కాదు, అంకుల్ అనేవారు.

ఆ కన్సల్టెన్సీలో ఎక్కడా రాయని రూలొకటి ఉండేది. ఇంకా ప్రాజెక్ట్ దొరకని కుర్రాళ్ళని అంకుల్ ఒక గెస్ట్ హౌస్‌లో పెట్టేవారు. ఆదివారం వాళ్ళకి వంట కన్సల్టెంట్ల పెళ్ళాలు చెయ్యాలి. నేనూ కన్సల్టెంట్‌నే కదా అని ఒకసారి గుర్తుచేశాను. "అవునమ్మా వైశాలీ, నువ్వు టూ ఇన్ వన్" అని నవ్వారు అంకుల్. ఇంటికొచ్చాక అచ్యుత్ నవ్వలేదు. "ఆయన ముందు ఆ టోనేంటి? కోడ్ రాసే చేతులు కూర తరిగితే అరిగిపోతాయా?" అన్నాడు. అతనివీ కోడ్ రాసే చేతులే. ఎందుకో వాటికి మాత్రం కత్తిపీట సెట్ అయ్యేది కాదు. చెంపదెబ్బ బాగా సెట్ అయ్యేది. మొదటిసారి కొట్టినప్పుడు డెడ్‌లైన్ స్ట్రెస్ అన్నాడు. మా అత్తగారు ఫోన్లో "మగాడికి టెన్షన్లుంటాయమ్మా, నీకేం, నీది టెస్టింగేగా" అన్నారు. ఏడాది మారితే కంప్యూటర్లు ఏమైపోతాయోనని ప్రభుత్వాలు వణుకుతున్న రోజులవి. కూరలో ఉప్పు తగ్గితే మా ఇంట్లో ఏమవుతుందో నాకు టెస్ట్ చెయ్యకుండానే తెలుసు.

గెస్ట్ హౌస్ వంటింట్లోనే శ్యామసుందరిని మొదటిసారి చూశాను. పదమూడేళ్ళుంటాయేమో. మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యి కింద నేల తుడుస్తోంది. అంకుల్ గారి భార్య విద్యావతి ఆంటీ పరిచయం చేసింది. "మా చెల్లెలి కూతురమ్మా. ఇక్కడ చదివిద్దామని తెచ్చాం. ఇంగ్లీష్ కొంచెం పికప్ అవ్వగానే స్కూల్లో వేసేస్తాం." ఆ పిల్ల తలెత్తి, "ఔను పెద్దమ్మా" అంది. చుట్టాల పిల్లని ఇంట్లో పెట్టుకోవడం మనకేం కొత్త కాదు కదా. పెట్టుకున్నవాళ్ళకి పనిలో సాయం, పిల్లకి తిండీ చదువూ. మా మేనత్త ఇంట్లోనూ అలా ఒకమ్మాయి పెరిగింది. అందుకే మాలో ఎవరికీ అడగాలని కూడా తట్టలేదు. నా పాత చుడీదార్లు ఇచ్చి, మంచిపని చేశాననుకుంటూ ఇంటికెళ్ళాను.

తర్వాతి ఆదివారం గుత్తివంకాయకి నూనె కాగుతోంది. పిల్ల చెయ్యి జారి వంకాయ మూకుట్లో పడింది. నూనె చిట్లి దాని మోచేతి మీద పడింది. ఆంటీ పక్కగదిలోనే ఉంది. ఒళ్ళు కాలినప్పుడు ఎవర్ని ఏమని పిలవాలో ఆలోచించుకునే తీరిక ఉండదు. పిల్ల రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని, ఆ గది వైపు చూస్తూ, "అమ్మగారండీ, కొట్టకండి, తుడిచేస్తానండి" అంది.

అమ్మగారు. నేను పొయ్యి కట్టేశాను. ఏ ఇంట్లో పిల్లయినా సొంత పెద్దమ్మని అమ్మగారంటుందా? గారాబం చేస్తే పెద్దమ్మ, కోపమొస్తే పెద్దమ్మ, దెబ్బలు తినేటప్పుడూ పెద్దమ్మే. అమ్మగారని అనేది జీతానికి పనిచేసేవాళ్ళు.

పిల్లని సింక్ దగ్గరికి లాక్కెళ్ళి చెయ్యి చన్నీళ్ళ కింద పెట్టాను. చొక్కా చెయ్యి పైకి మడిస్తే ఇంకా మచ్చలు కనిపించాయి, గుండ్రంగా, పాతవి.

"ఇవి నూనెవి కాదుగా?"

"కాదండి. సిగరెట్టువండి."

"ఎవరు పెట్టారు?"

"గెస్టులండి." ఆంటీ ఉన్న గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈ అబ్బాయిలు కాదండి. వేరేవాళ్ళు. కార్లో హోటల్‌కి తీస్కెళ్తారండి. తలుపేసేసి అంకుల్ గారు బయటుంటారండి."

ఆ తర్వాత చెప్పలేదు. నేనూ అడగలేదు. తనే మళ్ళీ అంది, "మా యమ్మ బళ్ళో ఏస్తారని పంపిందండి. మాది తుని దగ్గరండి. ఈళ్ళు మాకేం చుట్టాలు కాదండి. శనోరం మెల్‌బోర్న్ పంపేస్తారంట. అక్కడ నా అంతోళ్ళు ఇంకా ఉన్నారంట."

సాయంత్రం అచ్యుత్ షర్టులు ఇస్త్రీ చేస్తూ అంతా చెప్పాను. టీవీలో క్రికెట్ చూస్తున్నవాడు వెనక్కి తిరగలేదు. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసు," అన్నాను.

"అందరికీ తెలుసు వైశాలీ. ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారు."

"అందరికీ ఏం తెలుసో నాకొద్దు. నీకేం తెలుసు?"

"అంకుల్‌కి ఒకసారి బ్యాక్ పెయిన్ వచ్చింది. నన్ను డ్రాప్ చెయ్యమన్నారు, చేశాను. డ్రాప్ చెయ్యడం క్రైమా? లోపలేం జరుగుతుందో నేను అడగలేదు."

"కార్లో ఆ పిల్ల ఏం చేసింది?"

స్కోరు వైపే చూస్తూ అన్నాడు, "ఏడ్చింది. రేడియో పెట్టాను."

నేను పోలీసులకి ఫోన్ చేద్దామని లేచాను. నా జుట్టు అతని చేతికి చుట్టుకుంది. తల ఫ్రిజ్ హ్యాండిల్‌కి కొట్టుకుంది, ఇంకోసారి కొట్టుకుంది, నోట్లో ఉప్పగా తగిలింది. "ఎవరి పిల్లో కోసం మన పీఆర్ వీసా పోగొడతావా? ఇంత చదివావు, ఇదా నీ బుర్ర?" అంటూనే ఉన్నాడు. నేను కింద పడ్డాక కడుపులో తన్నాడు. తన్నేటప్పుడు కూడా ఇస్త్రీ చేసిన షర్టులు నలక్కుండా పక్కకి జరిపాడు. చాలా క్లీన్ మనిషి. ఫోన్ వైరు పీకి జేబులో పెట్టుకుని జిమ్‌కి వెళ్ళిపోయాడు. నేలమీద పడి నేను నా దెబ్బల గురించి ఆలోచించలేదు. రేడియోలో ఏం పెట్టి ఉంటాడా అని ఆలోచించాను. పాటా, వార్తలా? సౌండ్ ఎంత పెంచితే వెనక సీట్లో పిల్ల ఏడుపు వినపడదు?

మర్నాడు ఆఫీసు నుంచి పోలీసులకి ఫోన్ చేశాను. ఒకతను అంకుల్ ఇంటికి వెళ్ళి చూశాడట. ఆంటీ టీ ఇచ్చిందట. పిల్ల పెద్దమ్మ పక్కన నిలబడి నవ్విందట. ఫ్యామిలీ అంతా హ్యాపీగానే ఉంది, నో వరీస్ అని నాకు తిరిగి ఫోన్ చేసి చెప్పాడు. పాపం అతనికేం తెలుసు?

శనివారం పొద్దున పులిహోర డబ్బా పట్టుకుని అంకుల్ ఇంటికెళ్ళాను. మన దగ్గర చేతిలో పులిహోర డబ్బా ఉన్నదాన్ని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. తెల్ల కారు డ్రైవ్‌వేలో ఉంది. ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది. అంకుల్ పిల్ల మెడ పట్టుకుని వెనక సీట్లోకి తోస్తున్నారు. పిల్ల ముక్కులోంచి రక్తం కారుతోంది, ఒక కాలికే చెప్పు ఉంది. నన్ను చూసి నా కుర్తా గట్టిగా పట్టుకుంది.

"వదలవే," అని అంకుల్ దాన్ని మొహం మీద గుద్దారు. మూసిన పిడికిలితో, పదమూడేళ్ళ పిల్ల మొహం మీద. "వైశాలీ, నువ్వు ఇంటికెళ్ళమ్మా," అని నాతో మాత్రం మామూలు గొంతుతో అన్నారు. ఆ గొంతుకే నాకు పిచ్చెక్కింది. పిల్లని బయటికి లాగాను. ఆయన దాన్ని మళ్ళీ పట్టుకోబోతూ కారు అంచు మీద చెయ్యి ఆనించారు. నేను తలుపు వేశాను. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. తలుపు తెరుచుకునేలోగా ఇంకోసారి తోశాను. ఆంటీ వచ్చి నేను కింద పడేసిన డబ్బా తీసి దాంతోనే నా నెత్తిన కొట్టింది. పులిహోరా రక్తమూ కలిసి కళ్ళలోకి కారాయి. పిల్ల చెయ్యి పట్టుకుని పరిగెత్తాను.

వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర మేస్త్రీలు స్మోకో అని ఇక్కడివాళ్ళనే బ్రేక్‌లో టీ తాగుతున్నారు. నా అవతారం చూసి ఒకాయన కప్పు కింద పెట్టి సెల్‌ఫోన్ తీశాడు. వెనకే వచ్చిన ఆంటీ వగరుస్తూ "ఫ్యామిలీ మ్యాటర్, షీ ఈజ్ మై నీస్" అంది. పోలీసులొచ్చేదాకా అదే మాట. వాళ్ళొచ్చాక పిల్ల వైపు తిరిగి, ఎంతో ముద్దుగా, "దా తల్లీ, మీ పెద్దమ్మని కదా, ఇంటికి పోదాం" అంది.

పిల్ల నా చెయ్యి వదిలేసింది. "వస్తానండి అమ్మగారూ. కొట్టకండి," అంది.

వచ్చిన పోలీసు ఒక పెద్దావిడ. పిల్ల ఏమందని నన్ను అడిగింది. చెప్పాను. అది చెల్లెలి కూతురు అనే మాట కాదని, పనిపిల్ల యజమానురాలితో అనే మాటని, కావాలంటే ఏ తెలుగువాళ్ళనైనా అడిగి చూడమని చెప్పాను. ఆవిడ ఆంటీ మొహం చూసింది. ఆంటీ మొదటిసారి నోరు మూసింది. పెద్దావిడ పిల్లని తన వెనక్కి జరుపుకుని, ఆంటీని వేరే కారెక్కించమంది.

స్టేషన్లో మొదట ఫోన్ మీద హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. ఇండియన్ అంటే హిందీ అనుకున్నారు. పిల్ల బిత్తరచూపులు చూసింది. తర్వాత సిడ్నీ నుంచి ఒక తెలుగావిడ లైన్లోకొచ్చింది. "అమ్మా, తిన్నావా?" అని మొదలుపెట్టింది. అప్పటికి ఏడ్చింది పిల్ల. ఏడ్చాక మెల్లగా చెప్పింది, హోటల్ గురించి, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళ గురించి. నన్ను బయటికి పంపమంటారేమోనని చూశాను. పిల్ల నా చెయ్యి పట్టుకునే ఉంది.

"కార్లో ఎవరు తీసుకెళ్ళేవారు?" ఫోన్లో అడిగింది తెలుగావిడ.

"అంకుల్ గారండి."

"ఇంకెవరైనా?"

పిల్ల నా వైపు చూసింది. నా చిట్లిన పెదవి వైపు, మెడలో నల్లపూసల వైపు చూసింది. తల దించుకుంది. "గుర్తులేదండి."

అప్పుడు అర్థమైంది నాకు. ఆదివారం నన్ను గెస్ట్ హౌస్ దగ్గర దింపేది ఎవరో పిల్ల చూసింది. ముక్కు పగిలి, చెయ్యి కాలి, ఆ పిల్ల అక్కడ కూర్చుని నా కాపురం కాపాడుతోంది.

"ఇంకొకరున్నారు," అన్నాను పోలీసావిడతో. "నా భర్త. స్పెల్లింగ్ చెప్తాను, రాసుకోండి." ఎ, సి, హెచ్ దాకా చెప్పి ఆగాను. ఆవిడ ఆ మూడక్షరాలూ రాసి నా మొహం చూసింది. పిల్ల నా చెయ్యి గట్టిగా నొక్కింది, వద్దన్నట్టు. వై, యు, టి కూడా చెప్పాను.

వీసా ఏమైంది, ఇప్పుడెక్కడున్నావు అని మీరు అడుగుతారని తెలుసు. తర్వాత చెప్తాను. ముందు మీరు చెప్పండి. మీకు తెలిసిన ఇంట్లో చదివిస్తామని తెచ్చిన పిల్ల ఎవరైనా ఉందా? ఉంటే రాసి పంపండి. రాస్తూ రాస్తూ మీవాళ్ళ పేరు దగ్గర చెయ్యి ఆగిపోతుంది, నాకు నోరు ఆగింది. ఆగితే ఆగనివ్వండి. ఊపిరి పీల్చుకుని మిగతా అక్షరాలు కూడా రాయండి.