రజిత దగ్గిన డబ్బా

నేను ఒక కఫం డబ్బాని. అప్పుడే ముఖం పక్కకి తిప్పుకున్నారా? తిప్పుకోండి, నాకేం కొత్త కాదు. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు చేసే మొదటి పని అదే. మా ఫ్యాక్టరీలో పక్క మిషను మీద పుట్టిన డబ్బాలు ఊరగాయలకీ తేనెకీ వెళ్ళాయి. నా కర్మ కాలి నా పెట్టె మీద క్షయ పరీక్షల చీటీ అంటించారు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను ఒట్టి పిరికిదాన్ని. నాలో ఏం పడుతుందో, పడింది చూసి ఎవరింట్లో ఏడుపు మొదలవుతుందో అని పెట్టెలో ఉన్నన్నాళ్ళూ గుండె దడదడలాడుతూనే ఉండేది.

పెట్టె తెరిచింది ఎస్తేరు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళవాళ్ళ దగ్గులు పరీక్ష చేస్తున్న టెక్నీషియన్. అప్పుడు వాళ్ళ ల్యాబులో ఒక కొత్త పరీక్ష తయారవుతోంది. నాలుక మీద చిన్న పుల్లతో తుడిస్తే చాలు, క్షయ ఉందో లేదో మిషను చెప్పేస్తుందట. ఆ పుల్ల నిజం చెబుతోందా లేదా అని తేల్చడానికి పక్కన కఫం కూడా ఉండాలి, అందుకని నేను. అంటే నా ఉద్యోగం ఊడగొట్టే పరీక్షకి నన్నే సాక్షిగా పిలిచారన్నమాట. మనుషుల తెలివి ఇలాగే ఉంటుంది.

కానీ పుల్ల పని సరిగ్గా సాగడం లేదు. మగవాళ్ళ దగ్గర బాగానే పట్టేస్తోంది, ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తోంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చ కనబడుతున్న ఆడమనిషికి కూడా జబ్బు లేదంటోంది. విచిత్రం ఏమిటంటే మా డబ్బాలు కూడా అదే మాట అంటున్నాయి. నెలాఖరు దాకా చూసి పుల్లల పని ఆపేద్దామని పట్నంలో పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారట. ఎస్తేరుకి అన్నం సహించడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నా మీద నెంబరు రాసి రజిత చేతిలో పెట్టింది. మెట్‌పల్లి పక్కన బీడీలు చుట్టే ఊరు వాళ్ళది. రజితకి ఇరవై రెండేళ్ళుంటాయి. చంకలో తొమ్మిది నెలల పాప. నెలన్నర నుంచి దగ్గు.

“రేపు పొద్దున్నే లోపల్నించి దగ్గి ఈ డబ్బాల ఉమ్మాలె,” అని చెప్పింది ఎస్తేరు.

రజిత నన్ను కొంగులో చుట్టి ఇంటికి తీసుకెళ్ళి, బీడీల చాటలో తునికాకు కింద దాచింది. వాళ్ళింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కలిసి కూర్చుని చుడతారు. వాళ్ళ కంట నేను పడితే రేపటి నుంచి ఈమె పక్కన ఎవరు కూర్చుంటారు? కానీ ఆమె అసలు భయం అది కాదు. అన్నం పెడుతూ భర్తతో చెబుతుంటే విన్నాను. పక్క వాడలో ఒకామెకి ఇదే జబ్బు వస్తే చంటిపిల్లకి పాలు మాన్పించి ఆడబిడ్డ ఇంట్లో పెట్టారట. ఆర్నెల్ల తర్వాత తల్లి ఎత్తుకోబోతే పిల్ల గుక్కపెట్టి ఏడ్చి మేనత్తని అంటుకుపోయిందట.

“నా పిల్ల గట్ల చేస్తె నేను బతుకుతనా?” అంది రజిత. ఆకుల కింద నాకు చెమటలు పట్టాయి.

తెల్లారింది. రజిత నన్ను పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గొంతులో దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మూత తీయబోతుంటే అత్త నర్సవ్వ చూసింది.

“ఏందే, పాసి మొఖంతోని ఉమ్మి డాక్టరమ్మకు ఇస్తవా? మనల ఏమనుకుంటరు? ముందుగాల మొఖం కడుక్కో,” అని వేపపుల్ల విరిచి ఇచ్చింది.

నర్సవ్వ చెడ్డది కాదు సుమా. పాచి నోటితో పక్కింటివాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషి, పెద్దవాళ్ళకి ఉమ్మి ఇవ్వనిస్తుందా? రజిత పళ్ళు తోముకుంది. వేపపుల్ల చీల్చి నాలుక గీసుకుంది. గొంతు దాకా వేళ్ళు పెట్టి మూడుసార్లు కాండ్రించి ఉమ్మింది. నేను దేనికోసం అంత దూరం వచ్చానో అదంతా మోరీలో కలిసిపోయింది. తర్వాత నోరు పుక్కిలించి, శుభ్రంగా, మర్యాదగా, నాలో ఇంత ఎంగిలి ఉమ్మి మూత బిగించింది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఉంటే కదా ఆడటానికి. ఈ ఎంగిలి చూసి మిషను జబ్బు లేదంటుంది. ఈ తల్లి సంబరంగా ఇంటికెళ్ళి పిల్లని గుండెకి హత్తుకుని దగ్గుతూనే ఉంటుంది. ఇదంతా తెలిసీ నేను మూత బిగించుకుని కూర్చోవాలి.

అంగన్‌వాడీ ముందు డబ్బాలు తీసుకుంటున్న ఎస్తేరు నన్ను ఎండకి ఎత్తి చూసింది. నీళ్ళలా ఉన్నాను. పారేసి ఇంకో డబ్బా మీద నెంబరు రాసుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం రజిత ముఖంలోకి చూసింది.

“పొద్దుగాల మొఖం కడిగినవా?”

“కడగకుంట ఎట్లిస్త మేడం? మా అత్త ఊకుంటదా?”

ఎస్తేరు వెనకాల వరసలో ఉన్న ఆడవాళ్ళని అడిగింది. అందరూ కడుక్కునే వచ్చారు, అడిగినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. మగవాళ్ళని అడిగితే లేవగానే ఉమ్మి తెచ్చామన్నారు. ఎస్తేరు అక్కడే మెట్టు మీద కూలబడింది. “నేను సుత గట్లనే కడుగుత గదనే. ఇన్ని దినాలు నాకెందుకు తట్టలే,” అని తన నుదురు తనే కొట్టుకుంది.

డబ్బాలు అయిపోయాయి. నన్నే కడిగి ఆరబెట్టి మళ్ళీ రజితకిచ్చి, వెనకాల ఆరుబయటికి తీసుకెళ్ళింది. గట్టిగా ఊపిరి పీల్చి వదలమంది, మూడోసారికి లోపల్నుంచి దగ్గమంది. రజిత వంగి, పొట్ట పట్టుకుని దగ్గింది. నాలో చిక్కగా, పచ్చగా పడింది. అందులో దారమంత ఎర్రటి చార.

రజిత దాన్ని చూసింది. నన్ను ఇవ్వకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“నా పేరు రాయకుండ్రి మేడం.”

“పేరు రాయం, నెంబరే రాస్తం,” అంటూ ఎస్తేరు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి నన్ను తీసుకుంది. “పుల్ల మాత్రం రేపు పొద్దుగాల నేనే మీ ఇంటికొచ్చి పెడుత. పాసి నాలిక మీదనే పెట్టాలె, కడిగితె నాలిక మీది క్రిములు పోతయి. అత్తకు నేను చెప్త.”

మధ్యాహ్నానికి ల్యాబులో మిషను జబ్బు ఉందని చెప్పింది. ఎస్తేరు ముందు పట్నానికి ఫోను చేసింది. పుల్లలు ఆపొద్దని, తప్పు పుల్లది కాదు, పొద్దున్నే ముఖం కడుక్కోవడానిదని ఆమె అంటుంటే అవతల పెద్ద డాక్టరు చాలాసేపు నవ్వాడు, ఆ తర్వాత నవ్వడం మానేశాడు. అప్పటికి నేను పసుపు సంచిలో ఉన్నాను. సంచి నిండగానే క్రిములు చచ్చేలా ఉడికించే ఆవిరి డ్రమ్ములోకి తోసేస్తారు. చేతికి తొడుగులున్నాయని ఎస్తేరు ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి రజితతో మాట్లాడింది.

“జబ్బున్నది బిడ్డా. ఆర్నెల్లు మందులు మింగితె పోతది.”

అవతల రజిత అడిగింది ఒక్కటే.

“పిల్లను తీస్కపోతరా?”

“ఎవ్వలు తీస్కపోరు. పాలతోని ఈ జబ్బు అంటది అనుకోకు, దగ్గుతోనే అంటది. మూతికి మాస్కు కట్టుకోని పాలియ్యి.”

“మేడం, పాపకు సుత దగ్గు పట్టింది. వారమాయె.”

ఎస్తేరు కళ్ళు మూసుకుంది. తొమ్మిది నెలల పిల్లకి ఉమ్మడం రాదు, కఫం మింగేస్తుంది. ఇలాంటి పిల్లల కోసమే ఆ పుల్లలు తయారుచేస్తున్నారు, కానీ వాటి మాట నమ్మే రోజు ఇంకా రాలేదు. అందాకా ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి తీయాలి, అదీ పరగడుపున.

“రేపు పొద్దుగాల పెద్ద దవాఖానకు తీస్కరా, నీ పుల్ల సుత ఆడనే పెడుత. పాప లేవంగనే పాలియ్యకు.”

“ఒక్క పూటనేనా మేడం?”

“ఒక్క పూటనే.”

ఫోను పెట్టేలోపు అవతల పాప దగ్గింది. చాలా చిన్న దగ్గు. ఎవరో వచ్చి నా సంచి మూతి బిగించారు. రేపు ఏం తేలుతుందో నాకెవరూ చెప్పరు.