ఇల్లెక్కడికి పోతుంది

పొద్దున్నే పాలవాడికంటే ముందు లేచేది ఆ ఇంట్లో ఆవిడొక్కతే. స్టవ్వు వెలిగించి, మధ్యాహ్నానికి డబ్బా సర్దుకుని, ఒక చేత్తో తల దువ్వుకుంటూ ఇంకో చేత్తో చెప్పులు వెతుక్కుని, చివరికి మంచం దగ్గర ఆగి నిద్రపోతున్న కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకునేది. పిల్ల కళ్ళు తెరిచేలోగా వీధి మలుపు తిరిగిపోయేది. రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో నిలబడే ఓ కునుకు తీసి, జనన మరణాల ఆఫీసు గేటు ముందు మెలకువ తెచ్చుకుని దిగేది.

ఆ ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆవిడ చేత్తో రిజిస్టరుకి ఎక్కాల్సిందే. అందుకని జనం ఆవిణ్ణి నమోదమ్మ అనేవాళ్ళు. పుట్టినవాళ్ళ తాలూకు మనుషులు నవ్వుతూ వస్తారు, పోయినవాళ్ళ తాలూకు మనుషులు ఏడుస్తూ వస్తారు, స్టాంపు పడేసరికి అందరూ ఒకేలాగా విసుక్కుంటూ వెళ్తారు. నమోదమ్మ మాత్రం ఎవర్నీ విసుక్కోదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, విసుక్కునే తీరిక కూడా లేదు పాపం.

ఆఫీసు సాయంత్రం ఐదింటి వరకే. గోడ మీద పెద్దక్షరాలతో రాసుంది కూడా. కానీ ఆ గోడకి వీపు పెట్టి కూర్చునే పెద్దసారు లేస్తే గానీ ఎవరూ లేవడానికి లేదు. ఆయన లేవడు. ఉద్యోగంలో చేరాక ఒక్క సెలవు పెట్టలేదని ఆయనకి గొప్ప. పొద్దున ఆఫీసులో సంతకం పెట్టి, వెళ్ళి పెళ్ళి చేసుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చి కూర్చున్నాడని చెప్పుకుంటారు. వెనకాల అందరూ ఆయన్ని కుర్చీసారు అనేవాళ్ళు.

ఆ కుర్చీ పుణ్యమా అని నమోదమ్మ ఇల్లు చేరేసరికి పిల్ల సగం నిద్రలో ఉండేది. అయినా తలుపు చప్పుడు వినగానే కళ్ళు నులుముకుంటూ లేచి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని జాగ్రత్తగా వచ్చేది.

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

నానమ్మ పిల్లకి మర్యాదలు బాగా నేర్పింది. ఇంటికొచ్చిన చుట్టాల్ని ఎలా పలకరించాలో ఆ పిల్లకి బాగా తెలుసు. నానమ్మని "నువ్వు పో" అంటుంది. రాత్రి బస్సు నడిపే నాన్న పొద్దున ఇంటికి రాగానే మీసం పట్టుకు లాగుతుంది. అమ్మ ఒక్కతే "మీరు".

మొదటిసారి నమోదమ్మ నవ్వింది. రెండోసారి కూడా నవ్వింది. ఆ తరవాత నుంచి నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చేసేది, చుట్టంలాగే.

ఒకరోజు ధైర్యం చేసి, లెక్కల సెక్షన్‌లో ఉండే పెద్దాయన్ని అడిగింది. ఆయనకి రూళ్ళన్నీ కంఠతా వచ్చు కాబట్టి ఆఫీసంతా రూల్సుబాబాయి అంటారు.

"బాబాయ్, పిల్లల్ని పెంచుకోడానికి సెలవు ఉంటుందట కదా?"

"ఉందమ్మా. పుస్తకంలో ఉంది. మ్యూజియంలో కత్తి ఉన్నట్టు ఉంది. ఎవరూ వాడగా నేను చూళ్ళేదు."

అయినా రాసి ఇచ్చింది. కుర్చీసారు కాగితం పైనుంచి ఆవిణ్ణి చూశాడు.

"ఏమ్మా, ఊళ్ళో జనం పుట్టడం మానేశారా?"

"లేదు సార్."

"పోవడం?"

"అదీ లేదు సార్."

"మరి నువ్వెలా మానతావు? పిల్లంటావా, దానంతటదే పెరుగుతుంది. ఇల్లంటావా, ఇల్లెక్కడికి పోతుంది?"

అని కాగితాన్ని సొరుగులోకి తోసి, సొరుగుని మోకాలితో మూశాడు.

ఆ రాత్రి నమోదమ్మ వంటింట్లో కూర్చుని ఈ మాట అత్తగారికి చెప్పుకుని కళ్ళొత్తుకుంది. అత్తగారు విన్నది. వంటింటి గోడలు కూడా విన్నాయి.

మర్నాడు రాత్రి వచ్చి చూస్తే ఇల్లు లేదు. ఉండాల్సిన చోట ఖాళీ నేల, దాని మీద కొత్తగా వీధిదీపం వెలుతురు తగిలిన చీమలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. మలుపులో ఉండే దర్జీ మిషను ఆపకుండానే చెప్పాడు.

"మీ ఇల్లేనా? భోజనాలయ్యాక బయల్దేరిందమ్మా. మందుల షాపు సందులోకి తిరిగింది. నిదానంగానే వెళ్తోందిలే, అందుకుంటారు."

మందుల షాపు పక్కన, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుని ఉంది ఇల్లు. గుమ్మంలో అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమే, కాస్త ముందు చెప్తే పైనున్న గిన్నెలు దించేదాన్ని కదా. రెండు సొట్టలు పోయాయి."

"నేనేం చెప్పలేదు అత్తయ్యా. అదే బయల్దేరింది."

"దాని బుద్ధి బానే ఉంది. నీ బుద్ధికే ఏదో అయింది."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఇల్లు ఆఫీసు వైపు కొంచెం కొంచెం నడిచేది. బురదలో నడిచే పెద్దావిడ బట్టలు తడవకుండా ఎత్తి పట్టుకున్నట్టు, మెట్లు పైకి మడుచుకుని, అటూ ఇటూ ఊగుతూ వెళ్ళేది. కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టి లారీల్ని ఆపేవాడు. దండెం మీద బట్టలు వెళ్తూ వెళ్తూనే ఆరిపోయేవి. డ్యూటీ దిగిన భర్త వీధులన్నీ వెతుక్కుంటూ వచ్చి, డ్రైవరు కదా, "ఎడమ పక్కనే నడుస్తోందట, నయం. మలుపుల్లో ఓ కిటికీ రెక్క తెరిచి చూపిస్తే ఇంకా బావుండు" అని పడుకునేవాడు.

ముందు ఒక బస్సు తగ్గింది. తరవాత రెండోది కూడా అక్కర్లేకపోయింది. అప్పుడు రూల్సుబాబాయి తల గోక్కుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, నీ రాకపోకల భత్యం ఆపాలి. ఇల్లు దగ్గరికొచ్చేసింది కదా."

"నేను తెచ్చానా బాబాయ్? అదే వచ్చింది."

"ఎలా వచ్చిందన్నది రూల్లో లేదమ్మా. ఎంత దూరంలో ఉందన్నదే ఉంది."

ఆ వారంలోనే ఇల్లు ఆఫీసు గేటు దాటి, కాస్త ఒళ్ళు దగ్గరికి తీసుకుని, సైకిల్ స్టాండు పక్కన సర్దుకుంది. నమోదమ్మ సీటు పక్క కిటికీకి సరిగ్గా ఎదురుగా వంటింటి కిటికీ. మధ్యలో మూరెడు జాగా. పిల్ల కిటికీలో కూర్చుని బొమ్మలు గీసుకునేది. తల ఎత్తితే అమ్మ, తల ఎత్తితే కూతురు. రెండు రోజులు నమోదమ్మకి చేతిరాత కూడా గుండ్రంగా వచ్చింది.

ఆఫీసుకి కూడా కొత్త కళ వచ్చింది. అత్తగారు గిన్నెలు తోముకుంటూ అందర్నీ గమనించేది కదా. "ఏవయ్యా కళ్ళజోడూ, ఆ ముసలాయన పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు. ఓ స్టాంపు గుద్దితే నీ చెయ్యి అరిగిపోతుందా?" అనేసరికి, ఎప్పుడూ కదలని ఫైళ్ళు కదిలాయి. పనులు మూడింటికే అయిపోతున్నాయి.

కుర్చీసారు ఇదంతా చూసి ముచ్చటపడ్డాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన ఆలోచన ఏమిటంటే, ఇల్లు ఆఫీసులోనే ఉంది కాబట్టి ఇక ఈవిడ ఇంటికి వెళ్ళాల్సిన పనే లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే కిటికీలోంచి ఓ ఫైలు వచ్చి పడేది. ఆదివారం పిల్లకి తల స్నానం చేయిస్తుంటే, "ఏమ్మా, ఈ ఒక్కటీ" అని ఓ చెయ్యి లోపలికి వచ్చేది. సబ్బు నురగ అంటిన మరణ ధ్రువపత్రాలు ఆ నెలలో చాలా వెళ్ళాయి.

పిల్ల రెండు కిటికీల వంకా మార్చి మార్చి చూసి ఒకరోజు అడిగింది.

"మీరిప్పుడు ఇంట్లో ఉన్నారా? ఆఫీసులో ఉన్నారా?"

నమోదమ్మ ఓ చేతిలో గరిటె, ఓ చేతిలో ఫైలు చూసుకుంది. పిల్ల గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం కిటికీలోంచి ఫైలు వస్తుంటే, ఇల్లు టక్కున రెక్క వేసేసుకుంది. కుర్చీసారు తట్టాడు. తియ్యలేదు. కుర్చీతో సహా జరిగి రెండో కిటికీ తట్టాడు. అదీ తియ్యలేదు. ఇక చేసేదేం లేక, కుర్చీలోంచి లేచి, చుట్టూ తిరిగి, ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఆయన లేవగానే ఆఫీసంతా ఖాళీ అయిపోయింది. మళ్ళీ ఎప్పుడు లేస్తాడో ఎవరికి తెలుసు?

పిల్ల ఎదురొచ్చింది.

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

గ్లాసు అందుకున్న చెయ్యి కాస్త ఆగింది. ఈ మాట ఆయన ఎక్కడో విన్నాడు. రోజూ విన్నాడు. ఎక్కడో గుర్తురాక నీళ్ళు గటగటా తాగేసి, నమోదమ్మ వైపు తిరిగాడు.

"ఏంటమ్మా ఇది? ఇల్లన్నాక ఓ చోట పడుండాలి. మా ఇల్లు చూడు, ఇన్నేళ్ళలో అంగుళం కదల్లేదు."

అత్తగారు తలుపు చాటు నుంచి నెమ్మదిగా అడిగింది. "మీరు వెలుగులో దాన్ని చూసి ఎన్నాళ్ళయింది బాబూ?"

ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపంలో, ఎన్నో ఏళ్ళకి మొదటిసారి, పొద్దుండగానే ఇంటికి బయల్దేరాడు.

గేటు ఉంది. గేటుకి తాళం ఉంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తాళం తీసి లోపలికి వెళ్తే, అవతల ఏమీ లేదు. పూలకుండీలు రెండు, మధ్యలో ఆకాశం. పక్కింటాయన మొక్కలకి నీళ్ళు పోస్తూ, "ఇందాకే వెళ్ళిందండీ. మేడమ్‌గారు బాల్కనీలోంచి చెయ్యూపారు" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది.

"సముద్రం వైపు వెళ్తున్నామండీ," అంది భార్య. ఆవిడ సముద్రం చూడాలనుకుని ఎన్నేళ్ళయిందో. ఆయన పనుందంటూనే ఉన్నాడు.

"వెళ్తున్నామంటే ఎవరు?"

"నేనూ, ఇల్లూ."

"నా చెప్పులు?"

"ఇంట్లోనే ఉన్నాయి. మీరు ఎప్పుడొస్తారు?"

ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది ఆ మాట ఎక్కడ విన్నాడో. నోరు తెరిచాడు గానీ, పనుందన్న మాట బయటికి రాలేదు.

"తిరిగి వస్తుందా అది?" అన్నాడు చివరికి.

"ఏమోనండీ. నన్ను అడిగి బయల్దేరలేదు కదా. చాలా హుషారుగా మాత్రం ఉంది."

ఆ రాత్రి కుర్చీసారు కుర్చీలోనే పడుకున్నాడు. పొద్దున రూల్సుబాబాయి వచ్చేసరికి బల్ల మీద కుర్చీసారు సెలవు కాగితం సిద్ధంగా ఉంది. కారణం దగ్గర, "ఇల్లు వెళ్ళిపోయినందున" అని రాసుంది.

బాబాయి కళ్ళజోడు సవరించుకున్నాడు. "కారణం బానే ఉంది సార్. కానీ పై ఆఫీసువాళ్ళు పాత కేసు ఏదైనా చూపించమంటారు. ఇల్లనీ, సంసారమనీ మన ఆఫీసులో ఇంతవరకూ ఎవరికీ సెలవు ఇచ్చింది లేదు. చూపించకపోతే వెనక్కి వస్తుంది."

"మరిప్పుడెలా?"

"ముందు ఒకటి పుట్టాలి సార్. అది పుడితే, దాన్ని చూపించి మీది పంపిస్తాను. పుట్టించే అధికారం మీ చేతుల్లోనే ఉంది."

కుర్చీసారు వెనక్కి తిరిగి గోడ వంక చూశాడు. ఐదింటి వరకే అని రాసున్న గోడ. తరవాత సొరుగు లాగాడు. చాలా అడుగుకి పోయింది నమోదమ్మ కాగితం. నలిగిన మూలలు వేలితో సాపు చేసి, సంతకం పెట్టాడు.

"అయితే ఈ పుట్టేవాళ్ళ సంగతేంటి? పోయేవాళ్ళ సంగతేంటి?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నేను రాస్తాను సార్. నా చేతిరాత బావుండదు గానీ, పుట్టినవాళ్ళకి చదువు రాదు, పోయినవాళ్ళకి అక్కర్లేదు."

కుర్చీసారు చిన్న సంచి ఒకటి పట్టుకుని బస్సెక్కాడు. ప్రతి స్టాపులోనూ తల బయటపెట్టి, "ఇటుగా రెండంతస్తుల ఇల్లేమైనా వెళ్ళిందా?" అని అడుగుతూ వెళ్ళాడట. అందరూ సముద్రం వైపే చూపించారట.

నమోదమ్మ ఇల్లు ఆ మధ్యాహ్నమే మెట్లు మడుచుకుంది. ఈసారి ఆవిడ కూడా లోపలే ఉంది, పైనున్న గిన్నెలన్నీ దించి పెట్టుకుని. దర్జీ మిషను ఆపి మరీ పలకరించాడు. పాత చోట కుదురుకుని, ఇల్లు ఒళ్ళు విరుచుకుంటే, సున్నం కాస్త రాలింది.

మొదటి కొన్ని రోజులు పిల్ల గ్లాసుతో వస్తూనే ఉంది. నమోదమ్మ తాగుతూనే ఉంది. పొద్దున లేస్తే ఉంది, బొమ్మలు గీస్తుంటే ఉంది, తల దువ్వించుకోనని ఏడిస్తే అక్కడే ఉంది. ఆ తరవాత ఒకనాడు, పిల్ల నేల మీద బోర్లా పడుకుని ఏదో రంగు వేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అరిచింది.

"అమ్మా, దాహం! నీళ్ళు తేవే!"

"ఓసి నీ తస్సాదియ్యా, అమ్మని పట్టుకుని తేవే ఏంటే?" అంది నానమ్మ వంటింట్లోంచి. "ఇన్నాళ్ళూ నేర్పిన మర్యాదలన్నీ ఏమయ్యాయి?"

"ఊరుకోండి అత్తయ్యా," అంది నమోదమ్మ. అప్పటికే గ్లాసు కోసం పరుగెత్తుతోంది. ఆ కంగారులో గుమ్మం తగిలి పడేదే, గుమ్మమే కాస్త పక్కకి జరిగింది.