కింద పెట్టిన కాఫీ

నూనె చుక్క నాలుక మీద పడితే చాలు, అరీజ్ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. ఏ కొండవాలు కాయ, ఎన్నాళ్లు గోనెసంచిలో మగ్గింది, మర ఎంత వేడెక్కింది, అన్నీ. కొండల ఊరు అజ్లూన్‌లోని ఆ ఆలివ్ నూనె పరీక్షశాలలో ఆమె మాటకు తిరుగులేదు. అలాంటి మనిషికి, అక్కడే నూనె రుచి చూసే పనిలో ఉండి, నాలుగేళ్లుగా రోజూ పొద్దున ఎదురుగా కూర్చుని ఫలాఫెల్ వడలు తింటున్న సుహైబ్ మనసులో ఏముందో మాత్రం అంతుపట్టలేదు.

తెలుసుకోవాలంటే అడగాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. మాట అటువైపు జారబోతే అతను నూనెలో ఆమ్ల శాతం గురించి మొదలుపెట్టేవాడు. అతను ఏదో చెప్పబోతూ గొంతు సవరించుకుంటే, ఈమె గ్లాసులు కడగాలంటూ లేచిపోయేది. ఇద్దరూ ఇద్దరే. చుట్టుపక్కలవాళ్లు వీళ్లకు మనసులో ఎప్పుడో పెళ్లి చేసేశారు. వీళ్లే ఇంకా స్నేహితులమంటూ గోడ మీద పిల్లుల్లా కూర్చున్నారు.

ఇంతలో ఇర్బిద్ నుంచి ఒక ఇంజనీరు సంబంధం వచ్చింది. ఆడవాళ్లు వచ్చి చూసి, పిల్ల నచ్చిందన్నారు. మగపెద్దలు గురువారం వస్తామన్నారు. రమ్మనాలో వద్దో బుధవారం చీకటి పడేలోగా కబురు చెయ్యాలి. తండ్రి పోయాక ఆ ఇంట్లో చివరి మాట తాతది. ఆయన మనవరాలిని పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"నీకిష్టమైతేనే రమ్మంటా. పెద్దమనుషులు గడప తొక్కాక కాదంటే బాగుండదు. ఏదైనా ముందే చెప్పు తల్లీ."

సోమవారం పొద్దున, పనిలోకి దిగకముందే, ఆమె సుహైబ్‌తో ఆ సంగతి చెప్పింది.

"గురువారం మా ఇంటికి పెద్దలొస్తారంట."

"ఎందుకు?"

"మా కొండ కొనడానికి! ఎందుకేంటి సుహైబ్, నన్నడగడానికి."

అతని చేతిలో రొట్టెముక్క నోటిదాకా వెళ్లి ఆగింది. "ఓహో. మంచివాళ్లేనా?"

"మంచివాళ్లే."

"అయితే ముబారక్," అని లేచాడు. అప్పటికే కడిగి బోర్లించిన గ్లాసులన్నీ తీసి మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ముబారకట! సాయంత్రం కొండదారిలో ఇంటికి నడుస్తూ అతన్ని తిట్టని తిట్టు లేదు. తిట్లు అయిపోయాక తన మీదే కోపం వచ్చింది. అక్కడికక్కడే నిలదీయొచ్చుగా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడిగితే, "నేనెప్పుడూ అలా అనుకోలేదు అరీజ్" అంటాడేమో. ఆ ఒక్క మాటతో పొద్దుటి పోట్లాటలు, నవ్వులు, అన్నీ పోతాయి. చేతిలో ఉన్నది జారిపోతుందేమోనన్న భయంతో, కావలసింది అడగకుండానే నాలుగేళ్లు గడిపేసింది.

బుధవారం మధ్యాహ్నం సుహైబ్ ఇంటికే వచ్చాడు. కొత్తనూనె రెండు డబ్బాలు కావాలని తాత ఎప్పుడో చెప్పి ఉన్నాడు. అవి తేవడానికి ఆ రోజే అతనికి తీరిక దొరికింది. తాత అతన్ని పరుపు మీద కూర్చోబెట్టి, చిన్న కప్పులో యాలకుల కాఫీ వంచి ఇచ్చాడు. సుహైబ్ వినయంగా కుడిచేత్తో అందుకున్నాడు. తాగకుండా మెల్లగా తన ముందు కింద పెట్టాడు.

ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న అరీజ్ వంటింటి గుమ్మంలోంచి అది చూసి ఉలిక్కిపడింది.

అతను ఎందుకు తాగలేదో ఆమెకు తెలుసు. నాలుగింటికి అతనికి పరీక్షశాలలో నూనె రుచి చూసే పని ఉంది. దానికి ముందు కాఫీ తాగితే నాలుక మొద్దుబారుతుంది. కానీ తాతకు ఆ గొడవలేం తెలుసు? ఆయన ఎరిగిన లోకంలో, అతిథి కప్పు ముట్టకుండా కింద పెట్టాడంటే ఒకటే అర్థం. 'ఒక కోరికతో వచ్చాను. తీరుస్తానంటేనే నీ కాఫీ తాగుతాను.' పెళ్లి మాటలకు వచ్చే పెద్దలు చేసే పని అది. అమ్మాన్‌లో అపార్ట్‌మెంట్లలో పెరిగిన సుహైబ్ కూడా దాన్ని పెళ్లి మాటలప్పుడు చూసినవాడే. నూనె డబ్బాలు మోసుకొచ్చినవాడికీ అది వర్తిస్తుందని తట్టలేదు, పాపం. పప్పులో కాలేశాడు.

తాత నడుం నిటారుగా చేసుకున్నాడు. "చెప్పు నాయనా. నీ కోరికేంటి?"

"కోరికా? అబ్బే, నేను..." అతను తాతను చూశాడు, కప్పును చూశాడు. విషయం బుర్రకెక్కేసరికి చెవులు ఎర్రబడ్డాయి. దిక్కుతోచక గుమ్మం వైపు తిరిగాడు.

ఆ చూపు అరీజ్ ఎరిగినదే. నన్ను ఇందులోంచి బయటపడెయ్యమనే చూపు. ఆమె ఒక్క మాటంటే చాలు, అందరూ నవ్వుకుంటారు. అతను బతుకుజీవుడా అని వెళ్లిపోతాడు, చీకటి పడకముందే ఇర్బిద్‌కు కబురు వెళుతుంది. నోరు మూసుకుని నిలబడితే, ఆ ఇరుకులో అతను ఏదో ఒకటి అనక తప్పదు. అయితే అలా పీక నొక్కి రాబట్టిన మాట ఆమెకు అక్కర్లేదు.

గబగబా లోపలికి వచ్చి, ఇంకో కప్పు తీసుకుని, తనే కాఫీ వంచుకుంది. తాత ఎదురుగా కూర్చుని ఆ కప్పును కింద పెట్టింది.

"తాతా, అతను తాగంది పని కోసం. కాఫీ తాగితే అతనికి నూనె రుచి తెలీదు. అతన్నొదిలెయ్. కోరిక నాది."

"ఇంట్లో పిల్లవి, నీకు కప్పేంటే?"

"ఈ పూటకి నేనూ అతిథినే అనుకో."

తాత మీసం చాటున నవ్వుకున్నాడు. "సరే, అడుగు."

"ఇతను నాకొక జవాబు చెప్పాలి. నీ ఎదురుగానే." ఆమె సుహైబ్ వైపు తిరిగింది. "నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకునేంత ఇష్టం. నీకుందా, లేదా? ఏదైనా ఫర్లేదు, చెప్పు. తెలీదన్నావంటే మాత్రం లేదనే లెక్క. తెలుసుకోడానికి నాలుగేళ్లు చాలు."

వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారి పడింది.

"ఉంది," అన్నాడు సుహైబ్. మొదటిసారి మరీ చిన్నగా వచ్చిందనుకున్నాడేమో, ఇంకోసారి అన్నాడు. "ఉంది. మొదటి చలికాలం నుంచీ ఉంది."

"మరి మొన్న ఆ ముబారక్ ఏంటి, మొద్దూ?"

"మంచివాళ్లేనన్నావుగా! నీకిష్టమేననుకున్నా. అడిగితే నువ్వు కాదంటే, శుక్ర, శని సెలవులై ఆదివారం పనిలోకొస్తే నేనెవరితో కూర్చుని తినాలి?"

అరీజ్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎవరికీ చెప్పకుండా తను దాచుకున్న భయాన్నే అతనూ దాచుకున్నాడు. ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని.

"మీ పెద్దలనెప్పుడు తీసుకొస్తావ్?" అడిగాడు తాత.

"రేపే తెస్తా హాజీగారూ."

"రేపైతే మేం ఖాళీయే," అంటూ తాత ఫోను అందుకున్నాడు. "ఇర్బిద్ వాళ్లకి మర్యాదగా చెప్పాలి. మంచివాళ్లు."

అరీజ్ గేటు దాకా వెళ్లింది. సుహైబ్ కారు తలుపు తీసి ఆగాడు.

"ఒకవేళ నేను లేదనుంటే ఏం చేసేదానివి?"

"రెండ్రోజులు ఏడ్చేదాన్ని. ఇర్బిద్ వాళ్లకి వద్దని చెప్పేదాన్ని, అది వేరే సంగతి. ఆదివారం పనిలోకొచ్చేదాన్ని." ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. "నీ కోసం మాత్రం ఇంకొక్క రోజు కూడా ఎదురుచూసేదాన్ని కాదు."

ఆమె ఊరికే బెదిరించడానికి అన్నది కాదు. అది అతనికీ అర్థమై మొహం పాలిపోయింది.